దేశసేవా? కొత్త వెట్టా?

చదువు ముగించిన యువతీయువకులందరికీ ఏడాదో రెండేళ్ళో నిర్బంధ దేశసేవ విధించాలనే వాదన మన దేశంలో మళ్ళీ మళ్ళీ తలెత్తుతున్నది. సైనిక శిక్షణ ఇవ్వాలనేవారు కొందరు, పల్లెలకు పంపి పని చేయించాలనేవారు మరికొందరు. ఈ మాట మితవాదులే అంటుంటే నేను కలం పట్టేవాణ్ణి కాదు. మన అభ్యుదయ మిత్రులే, అందులోనూ అధ్యాపకులే కొందరు, “మంచిదే గదా! షావుకారు కొడుకూ కూలివాడి కొడుకూ ఒకే తట్ట మోస్తారు, వర్గభేదం కొంతైనా కరుగుతుంది” అంటున్నారు. వినడానికి ఇది సొంపైన మాట. అందుకే దీన్ని ఊరకే పోనివ్వరాదు.

తిమ్మాజిపేట చుట్టుపట్ల పల్లెల నుంచి వచ్చే విద్యార్థులు నా తరగతిలో వున్నారు. ఒకసారి ఈ విషయం మీద వక్తృత్వపు పోటీ పెట్టాము. ముగ్గురు నిర్బంధ సేవను సమర్థిస్తూ ధారాళంగా మాట్లాడారు. చివర ఒక కుర్రవాడు లేచి, “సార్, మా నాయిన ఇరవై ఏండ్లు డ్యాముల కాడ మట్టి మోసిండు. అది దేశసేవ గాదా? మల్ల నేను గూడ చెయ్యాల్నా?” అని కూర్చున్నాడు. తరగతి నవ్వింది. బహుమతి అతనికి రాలేదు. కాని అతని ప్రశ్నకు జవాబు చెప్పవలసిన పని నాకు మిగిలిపోయింది.

పాలమూరు కూలి అంటే ఎవరో దేశానికి తెలుసు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు పుచ్చుకొని, ముసలివాళ్ళను ఇంటికి కాపలా పెట్టి, పసివాళ్ళను చంకన వేసుకొని వలసపోయిన జనం ఎన్ని ఆనకట్టలకు, ఎన్ని కాలువలకు, ఎన్ని రోడ్లకు మట్టి ఎత్తారో లెక్క లేదు. కృష్ణ తమ జిల్లా అంచునే పారుతున్నా ఏళ్ళ తరబడి తమ చేలు తడవని వాళ్ళే ఇతరుల చేలకు నీళ్ళు పారించే కాలువలు తవ్వారు. వీళ్ళ శ్రమను ఎవరూ దేశసేవ అనలేదు, కూలిపని అన్నారు. ఆ కూలి కూడా అడ్వాన్సు బాకీ కింద జమ అయిపోయేది. ఇప్పుడు ఆ ఇళ్ళలో మొదటిసారిగా కాలేజీ మెట్టు ఎక్కిన పిల్లవాణ్ణి నిలబెట్టి, “దేశానికి నువ్వేమి చేశావు?” అని అడగటం న్యాయమేనా?

మన నేలమీద నిర్బంధ సేవకు పాత పేరు ఒకటి వున్నది. అది వెట్టి. నైజాము కాలంలో కుమ్మరి కుండలిచ్చాడు, మాదిగ చెప్పులు కుట్టి ఇచ్చాడు, చాకలి బట్టలుతికాడు. దేశ్‌ముఖు గడీలోనే కాదు, దౌరా మీద వచ్చిన ప్రతి అధికారి బసలోనూ ఈ చాకిరీ కూలి లేకుండా జరిగింది. చేయించుకొన్నవాడు దాన్ని దౌర్జన్యం అనలేదు, ఆనవాయితీ అన్నాడు, సర్కారు పని అన్నాడు. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించిన సురవరం ప్రతాపరెడ్డి మన పాలమూరువాడే. ఆ మహాసభ ఉద్యమం వెట్టి రద్దు కోసం గొంతెత్తింది. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటానికి వెట్టి ఒక ముఖ్య కారణం. ఈ చరిత్ర చదివినవారు “నిర్బంధం” అనే మాటను ఇంత తేలికగా ఎట్లా వాడగలుగుతున్నారో నాకు అర్థం కాదు.

రాజ్యాంగం ఒప్పుకొన్నది గదా అంటారు. నిజమే. 23వ అధికరణంలో మొదటి ఖండం వెట్టినీ బలవంతపు చాకిరీనీ నిషేధించింది. ప్రజాప్రయోజనం కోసం రాజ్యం నిర్బంధ సేవను విధించవచ్చుననీ, అందులో కేవలం మతం, జాతి, కులం, వర్గం కారణంగా వివక్ష చూపరాదనీ రెండవ ఖండం చెబుతున్నది. అయితే 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణాల కూలీల కేసులో సుప్రీంకోర్టు ఏమన్నది? కనీస వేతనం కంటె తక్కువకు పని చేయించడం కూడా బలవంతపు చాకిరీయే అన్నది. ఆకలి చేసే నిర్బంధమూ నిర్బంధమే అన్నది. ఆ లెక్కన మొదటి ఖండం ఈనాటికీ సంపూర్ణంగా అమలు కాలేదు. మొదటి ఖండం బాకీ తీర్చనివాడు రెండవ ఖండం చూపి కొత్త బాకీ వసూలుకు రావడం ఏమి ధర్మం?

ఇక సమానత్వం మాట. వర్గం పేరు చెప్పి ఎవరూ మినహాయింపు అడగరు. మినహాయింపులు వేరే పేర్లతో వస్తాయి. వియత్నాం యుద్ధకాలంలో అమెరికాలో నిర్బంధ సైనికసేవ చట్టరీత్యా అందరిదీ. కాని కాలేజీలో చదువుతున్నవాడికి వాయిదా దొరికింది. కాలేజీ ముఖం చూడని పేదవాడికి తుపాకి దొరికింది. 2018లో మన పార్లమెంటు రక్షణ స్థాయీసంఘం, గెజిటెడ్ ఉద్యోగాల్లో చేరగోరేవారికి ఐదేళ్ళ సైనికసేవ తప్పనిసరి చేయాలని సూచించింది. సర్కారు నౌకరీ తప్ప వేరే ఆధారం లేనివాడికే ఆ షరతు వర్తిస్తుంది. తండ్రి కంపెనీలో కుర్చీ సిద్ధంగా వున్నవాడిని, విదేశాలకు విమానం ఎక్కేవాడిని అది తాకదు. ఒకే తట్ట ఇద్దరూ మోస్తారన్న మిత్రులు ఈ ఏర్పాటును గమనించాలి.

మన యువకులు సేవకు వెనుదీస్తున్నారనడమూ అబద్ధం. 2022 జూన్ 17న సికింద్రాబాదు రైల్వేస్టేషనులో ఆందోళనకు దిగినవారు సైన్యంలో చేరము అన్నవారు కాదు, చేరనివ్వండి అన్నవారు. నాలుగేళ్ళు పనిచేయించుకొని నూటికి ఇరవై ఐదుగురిని మాత్రమే వుంచుకొనే అగ్నిపథ్ పథకాన్ని వాళ్ళు కాదన్నారు. పోలీసు కాల్పుల్లో వరంగల్లు ప్రాంతపు యువకుడొకడు చనిపోయాడు. సేవ చేయడానికి వరుస కట్టి నిలుచున్నవారికి స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేని రాజ్యం, మిగతావారిని బలవంతం చేసి ఏమి సాధిస్తుంది? మన ప్రభుత్వ బడుల్లోనూ ఇదే జరిగింది. ఉపాధ్యాయుల ఖాళీలు నింపకుండా, పట్టభద్రులను విద్యా వాలంటీర్ల పేరుతో గౌరవ వేతనానికి పెట్టి ఏళ్ళ తరబడి బడులు నడిపారు. సేవ అన్న మాట ఎక్కడ వినబడినా, దాని వెనుక ఎవరి జీతం మిగులుతున్నదో చూడటం మనకు అలవాటు కావాలి.

అట్లాగని నేను సేవకు విరోధిని కాను. 1960 ప్రాంతంలోనే కె.జి. సైయిదైన్ పలు దేశాల అనుభవం పరిశీలించి, యువజన సేవ వీలైనంతవరకు స్వచ్ఛందంగా వుండాలని సూచించారు. 1969లో మొదలైన జాతీయ సేవా పథకం విద్యార్థి ఇష్టం మీద నడుస్తున్నది కాబట్టే దానికి కొంత విలువ దక్కింది. 1961లో క్యూబాలో లక్షమంది యువకులు పల్లెలకు పోయి అక్షరాలు నేర్పారు. వాళ్ళను పోలీసు పట్టుకొని పంపలేదు. దేశం తమది అయిందని నమ్మి కదిలారు. సోషలిస్టు దేశాల పేరు చెప్పి నిర్బంధాన్ని సమర్థించే మిత్రులు ఆ నమ్మకాన్ని వదిలిపెట్టి నిర్బంధాన్ని మాత్రమే అరువు తెచ్చుకొంటున్నారు.

కాబట్టి మనం అడగవలసినవి వేరు. వలసకూలీకి పూర్తి కనీస వేతనం చేతికి అందాలి. ఖాళీగా వున్న ప్రతి బడిలో, ప్రతి ఆసుపత్రిలో పూర్తి జీతంతో యువకులను నియమించాలి. ఆపైన సేవకు రమ్మంటే, వచ్చేవాడి ఇష్టం మీద వదిలి, చేసిన పనికి కూలి కట్టి ఇవ్వాలి. ఇవేవీ లేకుండా నిర్బంధ సేవ అన్నప్పుడు అధ్యాపకులు, విద్యార్థులు కలిసి కాదనాలి.

ఆ కుర్రవాడికి నా జవాబు ఇదే: మీ నాయన చేసింది దేశసేవే. దానికి దేశం ఇంకా కూలి చెల్లించలేదు. ఆ బాకీ తీరేదాకా నిన్ను అడిగే హక్కు ఎవరికీ లేదు.