కుటుంబ ఆరోగ్యము: మూత్రపిండము మార్చిన బిడ్డకు ఏమి పెట్టాలి?



సోంపేట ప్రాంతమునుండి ఒక సహోదరి వ్రాసిన ఉత్తరమే ఈ నెల మన విషయము. ఆమె కుమారునికి ఇరవై ఎనిమిది ఏండ్లు. రెండేండ్లు డయాలసిస్ మీద ఉన్నాడు. నెలన్నర క్రిందట విశాఖపట్నములో ఆపరేషను జరిగి, తల్లి ఇచ్చిన మూత్రపిండముతో ఇంటికి వచ్చాడు. సంఘమువారు కృతజ్ఞతా కూడిక పెట్టారు. ఆ మరునాటినుండి పరామర్శకు వచ్చేవారి చేతులలో ఏదో ఒకటి ఉంటున్నదట. ఒకరు కొబ్బరి బోండాలు, ఒకరు తిప్పతీగ కషాయము, ఇంకొకరు పట్టణములో కొన్న బలము పొడి డబ్బా. ప్రేమతో తెచ్చినవారిని కాదనలేకపోతున్నానని, ఏది పెట్టాలో ఏది మానాలో చెప్పమని ఆమె అడిగారు. మందులు ఎన్నాళ్లు వాడాలో కూడా తెలుపమన్నారు.

మందుల మాట ముందు చెబుతాను. ఆ మూత్రపిండము పనిచేసినన్నాళ్లు వాడాలి. ఇది అందరికీ రుచించే మాట కాదు గాని, ఆహారమునుగూర్చి నేను చెప్పేదంతా దీనిమీదనే నిలిచి ఉన్నది.

క్రొత్త మనిషి వాకిట్లోకి వస్తే ఇంటి కుక్క మొరుగుతుంది. వచ్చినవాడు మేలు చేసేవాడా కీడు చేసేవాడా అని అది చూడదు. మన శరీరములోని రోగనిరోధక శక్తి కూడా అంతే. తల్లి ఇచ్చినదైనా సరే, ఆ మూత్రపిండమును పరాయిదిగా ఎంచి దానిమీద పడుతుంది. టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, ప్రెడ్నిసొలోన్ అనే మాత్రలు ఆ కుక్కను కట్టివేసే గొలుసు వంటివి. ఇప్పుడు ఆ పొడి డబ్బా మీద ఏమి వ్రాసి ఉన్నదో చదవండి. రోగనిరోధక శక్తిని పెంచుతుందని ఉంటుంది. మనకు అది మంచి మాటే. మీ బిడ్డకు అది గొలుసు విప్పే మాట. తిప్పతీగ, అశ్వగంధ ఈ కోవలోనివే. 2020లో కరోనా వచ్చిన తరువాత తిప్పతీగ కషాయము ఇంటింటికీ చేరింది. అది త్రాగి కాలేయము చెడినవారి సంగతి 2021లో ముంబయి వైద్యులు ప్రచురించారు. కూరలో వేసే చిటికెడు పసుపుకు భయపడవద్దు. పసుపు సారము నింపిన గొట్టాలు మాత్రము వద్దు.

నేను వార్డులో పనిచేసిన రోజులలో ఒక యువకుణ్ణి చూచాను. అతనికీ తల్లే ఇచ్చింది. ఏడాదిపాటు చక్కగా ఉన్నాడు. తరువాత మేనమామ తెచ్చిన పొడి మొదలుపెట్టి, ఒంట్లో బాగుంది కదా అని మాత్రలు పూటకొకటి తగ్గించాడు. 1.2 ఉండే క్రియాటినిన్ నాలుగు దాటిన తరువాత వచ్చాడు. ఆ మూత్రపిండము దక్కలేదు. మేనమామ మంచివాడే, అతనిని నేను నిందించను. డబ్బా మీద ఏమున్నదో ఎవరూ డాక్టరుకు చూపించలేదు, అంతే.

ఇక ఆహారము. డయాలసిస్ రోజులలో మీ బిడ్డ గ్లాసు కొలత పెట్టుకొని నీళ్లు త్రాగి ఉంటాడు. ఇప్పుడు రోజుకు రెండున్నర, మూడు లీటర్లు త్రాగమని ఆసుపత్రిలో చెప్పి ఉంటారు. చాలామందికి చేయి రాదు. రెండేండ్ల భయము ఒక్క రోజులో పోదు కదా! లీటరు సీసాలు మూడు నింపి ఎదురుగా పెట్టండి, రాత్రికి ఖాళీ అయ్యాయో లేదో చూడండి. డాక్టరుగారు వేరే కొలత చెప్పి ఉంటే అదే పాటించాలి. కాళ్లు వాచినా, మూత్రము తగ్గినా అదే రోజు ఫోను చేయాలి. ఆ నీళ్లు శుద్ధి చేసినవైనా కాచి చల్లార్చినవే కావాలి.

మొదటి నెల, నెలన్నర గాయము మానడానికి మాంసకృత్తులు ఎక్కువ కావాలి. యాభై కిలోల మనిషికి రోజుకు సుమారు 65 నుండి 75 గ్రాములు. కోడిగ్రుడ్డులో ఆరు గ్రాములుంటాయి, గ్లాసు పాలలో ఆరేడు, వంద గ్రాముల చేపలో ఇరవై వరకు. ఉదయము ఇడ్లీతో ఒక గ్రుడ్డు, మధ్యాహ్నము గట్టి పప్పు, చేప ముక్కలు, సాయంత్రము పాలు, రాత్రి మరొక గ్రుడ్డు లేక కోడికూర పెడితే డబ్బా పొడితో పనిలేదు. గ్రుడ్డు పచ్చసొన గట్టిపడేవరకు ఉడకాలి. మీవాడికి నెలన్నర నిండింది గనుక ఇక డాక్టరునడిగి ఈ కొలత తగ్గించవలసి ఉంటుంది. సాధారణముగా కిలో బరువుకు ఒక గ్రాము లోపే సరిపోతుంది.

కొబ్బరి బోండాము సంగతి. మీ ఉద్దానము కొబ్బరి, జీడి, పనస పండే సీమ. అన్నిటిలోను పొటాషియము దండిగా ఉంటుంది. క్రొత్త మూత్రపిండము పొటాషియమును బయటికి పంపుతుంది గాని, టాక్రోలిమస్, న్యుమోనియా రాకుండా ఇచ్చే కోట్రైమాక్సజోల్ రెండూ దానిని రక్తములో పెంచుతాయి. అందుచేత రక్తపరీక్ష కాగితము చూపించి, డాక్టరు సరే అన్న తరువాతే బోండాము. ఇది శాశ్వత నిషేధము కాదు. పంపరపనస మాత్రము పూర్తిగా మానాలి. ఒక్క తొన కూడా వద్దు. అది పేగులో టాక్రోలిమస్‌ను విరిచే పదార్థమును అడ్డగిస్తుంది. మందు రక్తములో మితిమీరి చేతులు వణుకుతాయి, మూత్రపిండమే దెబ్బతింటుంది.

ప్రెడ్నిసొలోన్ ఆకలిని విపరీతముగా లేపుతుంది. అడిగినప్పుడల్లా అన్నము పెట్టడము తల్లి గుణమే, కాని ఈ మందులతో చక్కెర వ్యాధి క్రొత్తగా వచ్చేవారున్నారు. కూర ఎక్కువ, అన్నము తక్కువ. ఆవకాయ, అప్పడాలు, ఉప్పుచేప పక్కన పెట్టండి. రోజంతటికీ ఉప్పు చెంచాడు మించకూడదు. కోసి అమ్మే పండ్లు, పచ్చిపాలు, నిలవ కూర వద్దు. కాచిన పాలతో ఇంట్లో తోడుపెట్టిన తాజా పెరుగు వేసుకోవచ్చు.

టాక్రోలిమస్ పన్నెండు గంటలకొకసారి, భోజనానికి గంట ముందుగాని రెండు గంటల తరువాతగాని వేసుకోవాలి. పరీక్షకు వెళ్లే ఉదయము మాత్ర వేసుకోకుండా జేబులో పెట్టుకొని, రక్తము ఇచ్చిన తరువాత వేసుకోవాలి. తెల్లవారి బస్సు ఎక్కే తొందరలో ముందే మింగి వెళ్లి, తప్పు లెక్క తెచ్చుకొన్నవారిని చాలామందిని చూచాను. గ్యాస్ మందు, ఐరను మాత్ర కూడా మైకోఫెనోలేట్‌తో కలిపి వేసుకోరాదు, రెండు గంటల ఎడము ఉండాలి. విటమిన్ డి, కాల్షియము, మెగ్నీషియము అవసరమైతే పరీక్ష చూచి ఆసుపత్రివారే వ్రాస్తారు.

మందులు వేసుకోవడము అవిశ్వాసమని ఎవరో అన్నారని కూడా మీరు వ్రాశారు. హిజ్కియా రోగము విషయములో యెషయా దేవుని మాట చెప్పి, కురుపుమీద అంజూరపు పండ్ల ముద్ద కూడా వేయించాడు. మన దేశములో బ్రతికియున్న దాతనుండి మూత్రపిండ మార్పిడి మొదట సఫలమైనది 1971లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలోనే. స్వస్థత కూటమిలో మాత్రలు పారవేయమని ఎవరైనా చెబితే మీ పాస్టరుగారిని పిలిచి మాటాడించండి. ఉపవాస ప్రార్థనలో అతడు కూర్చోవచ్చు, నీళ్లూ మందులూ ఆహారమూ మానకూడదు. ప్రభురాత్రి భోజనములో అందరూ ఒకే పాత్రలో త్రాగే సంఘమైతే, అతనికి చిన్న గిన్నె వేరుగా ఇమ్మని అడగండి. ఏ పాస్టరుగారూ కాదనరు. దగ్గు, జలుబు ఉన్నవారు కొన్నాళ్లు గుమ్మము బయటనుండే ప్రార్థన చేసి వెళ్తే చాలు. జ్వరము నూరు డిగ్రీలు తాకితే ఊరి డాక్టరు సూదితో సరిపెట్టక ఆసుపత్రికి ఫోను చేయాలి.

అమ్మా, మీ ఉత్తరము రెండుసార్లు చదివాను. నాలుగు పేజీలలో మీ గురించి ఒక్క మాటా లేదు. మీకూ ఆపరేషను జరిగి నెలన్నరే అయినది. మీకు మిగిలినది ఒక్క మూత్రపిండము. మోకాళ్ల నొప్పికని డైక్లోఫెనాక్ మాత్రగాని సూదిగాని తీసుకోవద్దు. ఇంకా కొన్ని వారాలు బిందె ఎత్తవద్దు. మీరూ దాహమయ్యేవరకు ఆగకుండా నీళ్లు త్రాగండి, ఉప్పు తగ్గించండి. ప్రతి ఏటా రక్తపోటు, క్రియాటినిన్, మూత్రములో అల్బుమిన్ పరీక్ష చేయించుకోవాలి. ఈసారి కుమారుణ్ణి విశాఖపట్నము తీసుకొని వెళ్లేటప్పుడు మీ కాగితాలు కూడా సంచిలో పెట్టుకొని, మీ పేరున కూడా చీటీ వ్రాయించండి. వచ్చిన లెక్కలు నాకు వ్రాయండి.