నేరము నూడుల్సుది కాదు



"చైనా నూడుల్సు విషము. మైదా పేగులకు రబ్బరులా అంటుకుంటుంది. అజినొమొటో నరములను చంపుతుంది." ఈ సందేశము మీ చరవాణికి ఇప్పటికి ఎన్నోసార్లు వచ్చి ఉంటుంది. మీరు దానిని బంధువులకు పంపి కూడా ఉంటారు. పంపిన ఆదివారమే పిల్లలను వెంటబెట్టుకొని కళింగపట్నము తీరానికి వెళ్ళి, దీపస్తంభము చూపించి, బండి దగ్గర నిలబడి రెండు ప్లేట్ల నూడుల్సు, ఒక ప్లేటు చికెన్ మోమోలు తిని వచ్చి ఉంటారు. భయపెట్టిన సందేశము మీ అలవాటును మార్చలేదు. పైగా చూడవలసిన చోటునుంచి మీ చూపును మరల్చింది.

నా వాదము ఇది. ఈ తిండిలో ప్రమాదము లేకపోలేదు. కాని మనము దొంగను వదలి, దారినపోయే వానిని పట్టుకొని కొడుతున్నాము.

చైనా వాడు గుర్తుపట్టలేని చైనా వంట

ముందుగా చైనా మీది అభియోగాన్ని కొట్టివేద్దాము. చైనాలో గాన్సు రాష్ట్రపు లాన్‌జౌ నగరము గోధుమ నూడుల్సుకు పేరు పొందినది. అక్కడి హుయి ముస్లిములు పిండిముద్దను చేతులతో సాగదీసి, మడిచి, మరల సాగదీసి దారములుగా చేస్తారు. వాటిని అప్పటికప్పుడు మరిగే నీటిలో ఉడికించి, ఎముకల రసములో వేసి, ముల్లంగి ముక్కలతో, కొత్తిమీరతో ఇస్తారు. షాన్‌షీ రాష్ట్రములో పిండిముద్దను కత్తితో చెక్కుతూ నేరుగా మరిగే నీటిలోకి జారవిడుస్తారు. బావుజీ అనే మాంసపు బన్ను, పులియబెట్టిన పిండిలో మాంసపు కూరము పెట్టి ఆవిరిపై ఉడికించినది. పూర్ణము పెట్టిన మన కుడుముకు అది దూరపు చుట్టము. చింఘై రాష్ట్రములోని లాజియా అనే చోట సుమారు 4,000 సంవత్సరముల నాటి నూడుల్సు ఒక మట్టిపాత్రలో దొరికాయి. అవి గోధుమవి కావు, మన కొర్రల వంటి చిరుధాన్యములతో చేసినవి.

మన బండి మీది నూడుల్సుకు ఆ వంశవృక్షములో చోటు లేదు. కలకత్తా టాంగ్రాలో స్థిరపడిన హక్కా చైనీయుల వంటశాలలలో పుట్టి, భారతదేశపు నాలుకకు తగినట్లు మారి, ఊరూరా చేరిన వంట అది. మంచూరియాకు 1975 ప్రాంతములో బొంబాయిలో నెల్సన్ వాంగ్ అనే వంటవాడు ఆద్యుడని చెబుతారు. మంచూరియా దేశములో అది దొరకదు. మోమోలు టిబెట్టు, నేపాలు దేశములనుంచి వచ్చాయి. కనుక "చైనా విషము" అన్న మాటలో మొదటి సగము అబద్ధము. రెండవ సగము సంగతి చూద్దాము.

అజినొమొటోపై అపవాదు

1908లో టోక్యోలో కికునే ఇకెదా అనే రసాయన శాస్త్రజ్ఞుడు సముద్రపు నాచునుంచి గ్లూటమేటును వేరుచేసాడు. ఆ గ్లూటమేటే టమాటాలలో ఉంది, తల్లిపాలలో కూడా ఉంది. 1968లో అమెరికాలోని ఒక వైద్యపత్రికకు ఒక వైద్యుడు ఉత్తరము వ్రాస్తూ, చైనా భోజనము తరువాత తనకు మెడ తిమ్మిరి, నీరసము కలుగుతున్నాయని, సోయా సాసు, మద్యము, ఉప్పు, గ్లూటమేటు వీటిలో ఏది కారణమోనని సందేహము వెలిబుచ్చాడు. ఆ సందేహమే లోకమంతటా తీర్పుగా చలామణి అయింది. తరువాతి పరిశోధనలలో, ఏది ఎవరికి ఇచ్చారో తెలియకుండా ఆహారముతో ఇచ్చి చూసినపుడు, ఆ లక్షణములు నిలకడగా కనిపించలేదు. ఖాళీ కడుపుతో పెద్ద మోతాదులో తీసుకొన్న కొందరికి కొద్దిసేపు తలనొప్పి, తిమ్మిరి వంటివి కలిగాయి. అంతకు మించి నరములు చచ్చిన దాఖలా లేదు.

మైదా పేగులకు అంటుకుంటుందన్నది కూడా కల్ల. అది పిండిపదార్థము, జీర్ణమవుతుంది. అందులో పీచు బాగా తక్కువ, చక్కెరగా త్వరగా మారుతుంది. అందుచేత మధుమేహము ఉన్నవారు దానిని తగ్గించుకోవాలి. చెప్పవలసినది ఇంతే. ఇంత చిన్న నిజమును చెప్పటానికి అంత పెద్ద అబద్ధము ఎందుకు?

అసలు ముద్దాయి ఉప్పు

ఇక దొంగ దగ్గరకు వద్దాము. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు రోజుకు 5 గ్రాములకు మించి ఉప్పు వద్దంటుంది. ఒక పెద్ద చెంచా సోయా సాసులో సుమారు 2 గ్రాముల ఉప్పు ఉంటుంది. బండివాడు ఉడికించేటప్పుడు ఒక ఉప్పు, వేయించేటప్పుడు మరొక ఉప్పు, దానిపై సోయా సాసు, మిరప సాసు, అజినొమొటో, చివర మసాలా పొడి వేస్తాడు. ఉప్పులో సోడియము వందకు 39 పాళ్ళు, అజినొమొటోలో 12 పాళ్ళు. అందరూ తిట్టే పొడిలో ఉన్న సోడియము, ఎవరూ తిట్టని ఉప్పులో ఉన్నదానిలో మూడవ వంతు కంటే తక్కువ.

చైనా దేశమే ఈ ముద్దాయిని బోనెక్కించింది. ఉత్తర చైనాలోని 600 గ్రామములలో, పక్షవాతము వచ్చినవారు, అరవై దాటి రక్తపుపోటు ఉన్నవారు సుమారు 21,000 మందిపై జరిపిన పరిశోధన ఫలితములు 2021లో వెలువడ్డాయి. సగము గ్రామములలో మామూలు ఉప్పుకు బదులు, నాలుగవ వంతు పొటాషియము క్లోరైడు కలిపిన ఉప్పు ఇచ్చారు. ఆ గ్రామములలో పక్షవాతములు నూటికి 14 వంతులు తగ్గాయి.

అయితే శ్రీకాకుళము జిల్లా పాఠకులకు ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలములలో మూత్రపిండముల వ్యాధి ఎన్ని కుటుంబములను కూల్చిందో మీకు తెలుసు. పలాసలో 2023లో ఆ వ్యాధి కోసమే 200 పడకల ఆసుపత్రి తెరవవలసి వచ్చిన జిల్లా మనది. ఉద్దానపు వ్యాధికి మూలకారణము ఇంకా తేలలేదు. నూడుల్సు కారణమని నేను అనటం లేదు. కాని ఒకసారి దెబ్బతిన్న మూత్రపిండమును అధిక రక్తపుపోటు ఇంకా త్వరగా పాడుచేస్తుంది, ఉప్పు ఆ పోటును పెంచుతుంది. పొటాషియము ఉప్పు వారికి మందు కాదు. రక్తములో పొటాషియము పెరిగి గుండె లయ తప్పి ప్రాణము పోవచ్చు. క్రియాటినిను పరీక్ష చేయించుకోకుండా, వైద్యుని అడగకుండా ఆ ఉప్పును ఇంటికి తేకండి.

మరొక మాట. నూడుల్సును ఒక్కదానినే దోషిగా నిలబెట్టి, ఇంట్లో ఆవకాయను, అప్పడమును, ఎండుచేపను వదలివేస్తే అది న్యాయము కాదు. ఉప్పుకు దేశభక్తి లేదు. మన జాడీలోనిదైనా, పరదేశపు సీసాలోనిదైనా, రక్తనాళములకు ఒకటే.

రెండవ ముద్దాయి గడియారము

2024 అక్టోబరులో హైదరాబాదు బంజారాహిల్సులో మోమోలు తిన్నవారిలో ఒక మహిళ మరణించింది, ఎందరో ఆసుపత్రి పాలయ్యారు. ఆ నెలాఖరున తెలంగాణ ప్రభుత్వము పచ్చిగుడ్లతో చేసే మయొనైజును ఏడాదిపాటు నిషేధించింది. అక్కడ జనము ఆసుపత్రికి చేరినది మైదా వలన కాదు, అజినొమొటో వలన కాదు. చెడిన ఆహారము వలన.

మాంసపు ముక్కపై సూక్ష్మజీవులు సాధారణముగా ఉపరితలము మీదే ఉంటాయి. కైమా కొట్టినపుడు అవి లోపలికంతా చేరుతాయి. అందుచేత కోడిమాంసపు కూరము నడిమధ్య 74 డిగ్రీల సెల్సియసు వేడి చేరాలి. పైన పిండి మెత్తబడినంత మాత్రాన లోపల ఉడికినట్లు కాదు. వండినది 5 నుంచి 60 డిగ్రీల మధ్య గంటలకొద్దీ నిలవ ఉంటే సూక్ష్మజీవులకు అది పెళ్ళివిందు.

ఫ్రైడ్ రైసు సంగతి ఇంకా విచిత్రము. బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజములు అన్నము ఉడికినా చావవు. మధ్యాహ్నము వండి కుప్పపోసిన అన్నములో అవి మొలకెత్తి విషమును తయారుచేస్తాయి. రాత్రి ఎంత పెద్దమంటపై వేయించినా ఆ విషము చెడదు. 1970లలో బ్రిటనులో ఇది ఫ్రైడ్ రైసు వలననే బయటపడింది. "మళ్ళీ వేడిచేసాముగా" అన్న ధీమా ఇక్కడ పనిచేయదు.

మీరు చేయవలసినది

"బండివాని పొట్ట కొట్టమంటారా?" అని మీరు అడుగవచ్చు. అక్కరలేదు. అతడు చైనా వాడి పిండిని విడువనక్కరలేదు, చైనా వాడి క్రమమును నేర్చుకొంటే చాలు. అప్పటికప్పుడు ఉడికించటము, పొగలు కక్కుతుండగా వడ్డించటము ఆ క్రమము. మీరు బండి దగ్గర నాలుగు మాటలు అనండి. ఉప్పు, సాసు సగమే వేయమనండి. నూడుల్సు ఎప్పుడు ఉడికించారో అడగండి. మోమోను విరిచి చూసి, లోపల పొగ రాకపోతే, కూరము గులాబిరంగులో ఉంటే వెనక్కు ఇవ్వండి. మయొనైజు వద్దనండి. నల్లబడిన నూనె మూకుడు కనిపిస్తే నడిచిపొండి. మరిగిన నూనెలో ధ్రువపదార్థములు నూటికి 25 వంతులు మించితే వాడరాదని 2018 నుంచి నిబంధన ఉంది.

పాలకులను కూడా అడగండి. చేతులు కడుక్కోవటానికి కుళాయి లేని తీరములో శుభ్రత గురించి ఉపన్యాసము ఇవ్వటము పరిహాసము. ఆహార భద్రతా చట్టము 2006లో వచ్చింది. అధికారులు బండి దగ్గరకు రావలసినది మనుషులు పడిపోయిన మరునాడు కాదు, ముందు సాయంకాలము.

చోడి అంబలి తాగిన తాతలు ఆరోగ్యముగా ఉన్నారని చెప్పి పిల్లలను తీరమునుంచి లాక్కురాలేము, లాక్కురానక్కరలేదు. నెలకొకసారి వేడివేడిగా, ఉప్పు తగ్గించి తిన్న నూడుల్సు ఆరోగ్యవంతుని ఏమీ చేయవు. అందుచేత ఈసారి ఆ సందేశము మీ చరవాణికి వచ్చినపుడు దానిని ఇంకొకరికి పంపకండి. ఆ సమయములో ఇంట్లో నలభై దాటిన ప్రతివారి రక్తపుపోటు చూపించండి.