ఇంట్లో బడి పెట్టుకున్నవాళ్ళకి చట్టం అక్కర్లేదా?

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం, మా కోయిలకుంట్లలో రోడ్డు మీద కుక్క కూడా తిరగని టైములో, బడి బయట ఉన్న పిల్లల లెక్క రాసుకోవడానికి ఒకమ్మాయి మా ఇంటికొచ్చింది. చేతిలో ఫోను, ఫోనులో ఫారం. నేనేమో ఆఫీసు కాల్‌లో ఉన్నాను. (2020 మార్చిలో లాప్‌టాప్ చంకనబెట్టుకుని ఊరికొచ్చినవాణ్ణి మళ్ళీ హైదరాబాదు పోలేదు. అదింకో కథ.)

"పాప యా బడికి పోతాందన్నా?"

"బడికి పోదమ్మా. ఇంట్లోనే చదువుకుంటుంది. నేనూ వాళ్ళమ్మా చెప్తాం."

ఆ అమ్మాయి ఫోను కాసేపు పైకీ కిందికీ జరిపి చూసి "అట్లాంటి గడి లేదన్నా" అంది. ఉన్నవేంటయ్యా అంటే బడి పేరు, మానేసింది, అసలు చేరలేదు, వలస పోయింది. అంతే. చివరికి "మానేసింది అని పెడతాన్నా, ఏమనుకోవద్దు" అని పెట్టేసింది. తన తప్పేం లేదు, ఫారం అట్లా ఉంది. పోతా పోతా ఇంకో మాట అంది. "పై వీధిలో ఒకామె కూడా అచ్చం మీ మాదిరే చెప్పిందన్నా, ఇంట్లో చదువుకుంటాందని. ఆ పిల్లకి పన్నెండేండ్లు. తమ్ముణ్ణి పక్కన కూసోబెట్టుకోని మిరపకాయలకి తొడిమలు తీస్తాంది."

ఆ రోజు కాల్‌లో మిగతాది ఏం మాట్లాడుకున్నారో నాకు ఎక్కలేదు.

అసలు సంగతి ఇది. మన ఐటీ జనాల్లో ఈమధ్య హోమ్‌స్కూలింగ్ అనే మాట బాగా వినబడుతోంది. కారణాలు నాకు తెలుసు, నావీ అవే. రెండో తరగతి పిల్లకి ఐఐటీ ఫౌండేషను, ఆదివారం కూడా పరీక్ష, ఫీజు చూస్తే మన బీటెక్ నాలుగేళ్ళకీ కట్టినంత. ఆ గొడవ ఇక్కడ వద్దు, ఎవడి కడుపుమంట వాడిది. కానీ "ఇది లీగలేనా?" అని అడిగితే మాత్రం మనోళ్ళందరూ ఒకటే జవాబు చెప్తారు: "శిక్ష లేదు బాస్, ఎవడూ ఏం చెయ్యలేడు." అక్కడితో ఆగిపోతారు. కంపైలరు ఎర్రర్ ఇవ్వలేదు కాబట్టి ప్రోగ్రాము కరెక్టే అన్నట్టు. రోజూ ఇదే పని చేసి బతికేవాళ్ళం, మనం అనాల్సిన మాటేనా ఇది?

సరే, చట్టం ఏమందో చూద్దాం. 2002లో 86వ సవరణతో రాజ్యాంగంలో 21-ఎ వచ్చింది, 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకి ఉచిత నిర్బంధ విద్య. అదే సవరణలో 51-ఎ (కె) కూడా చేర్చారు. ఆ వయసు పిల్లలకి చదువుకునే అవకాశం కల్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని. అక్కడ బడి అన్న మాట లేదు, చదువు అన్న మాటే ఉంది. మన హోమ్‌స్కూలింగ్ మిత్రులకి ఇది చాలా ఇష్టమైన పాయింటు. కానీ దాన్ని అమలు చెయ్యడానికి 2009లో విద్యాహక్కు చట్టం తెచ్చారు, అది 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చింది. దాంట్లో 10వ సెక్షను చాలా చిన్నది. పిల్లల్ని పొరుగు బడిలో చేర్పించడం ప్రతి తల్లీ తండ్రీ విధి అంటుంది. చేర్పించకపోతే ఏమవుతుందో చెప్పదు. జరిమానా లేదు, జైలు లేదు.

ఎందుకు లేదు? మనం ఇంట్లో కూర్చుని పైథాన్ నేర్పుకుంటామని కాదు. 8వ సెక్షను చదివితే తెలుస్తుంది. నిర్బంధం అనే మాటకి అక్కడ ఇచ్చిన అర్థం ప్రభుత్వానికి నిర్బంధం అని. పిల్లని బడిలో చేర్పించి, రోజూ వచ్చేట్టు చూసి, ఎనిమిది తరగతులు పూర్తి చేయించడం సర్కారు నెత్తిన పెట్టారు. పత్తి చేలో కూలికి పోయే తల్లికి జరిమానా వేస్తే ఆ జరిమానా కట్టడానికి పిల్ల ఇంకో పది రోజులు కూలికి పోవాలి. అందుకని తల్లిదండ్రుల మీద కర్ర ఎత్తలేదని నేను అర్థం చేసుకుంటున్నాను. పేదవాళ్ళ కోసం వదిలిన ఆ ఖాళీలో మనం వచ్చి కుర్చీ వేసుక్కూర్చుని, ఇది మా స్వేచ్ఛ అంటున్నాం.

2012లో ఢిల్లీ హైకోర్టులో ఒక కేసులో కేంద్ర ప్రభుత్వం అఫిడవిట్ వేసింది, ఇంట్లో చదువు చెప్పించుకునే తల్లిదండ్రులు అట్లాగే కొనసాగవచ్చని. దాన్ని పట్టుకుని ఇప్పటికీ గంతులేసేవాళ్ళున్నారు. అఫిడవిట్ అంటే ఒక కేసులో ఆనాటి ప్రభుత్వం చెప్పుకున్న మాట. 10వ సెక్షన్లో ఒక్క అక్షరం కూడా మారలేదు, వెళ్ళి చూసుకోండి.

ఇక్కడ మా ఊరి సంగతి చెప్పాలి. బయటివాళ్ళకి కోయిలకుంట్ల అంటే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గుర్తొస్తాడు, 1847లో తెల్లవాళ్ళు ఆయన్ని ఉరి తీసింది ఇక్కడే. నల్లరేగడి నేల, పక్కన కుందూ, శనగ, పత్తి. నంద్యాల, ఆళ్ళగడ్డ చుట్టుపక్కల ఊళ్ళలో ఇంకో పంట ఉండేది, సీడ్ పత్తి. అంటే హైబ్రిడ్ పత్తి విత్తనం తయారుచెయ్యడం. ప్రతి మొగ్గనీ చేత్తో విప్పి మగభాగం తీసెయ్యాలి, మర్నాడు పొద్దున ఇంకో రకం పువ్వు తెచ్చి దానికి రుద్దాలి. ఒక్కొక్క పువ్వుకీ ఇదే పని, రోజుల తరబడి. దీన్ని క్రాసింగ్ అనేవాళ్ళు. ఆ పనికి ఎక్కువగా పెట్టుకున్నది ఆడపిల్లల్ని. చిన్న వేళ్ళు సున్నితంగా ఉంటాయని చెప్పేవాళ్ళు గానీ, అసలు కారణం వాళ్ళకి తక్కువ కూలి ఇస్తే సరిపోతుంది, నోరెత్తరు. 1990ల చివర్లో, 2000ల మొదట్లో ఈ విషయం దేశం దాటి విదేశీ విత్తన కంపెనీల దాకా పోయి పెద్ద రచ్చ అయింది. నేను బడికి పోయిన రోజుల్లో మా తరగతిలో సీజను రాగానే ఆడపిల్లల బెంచీలు ఖాళీ అయ్యేవి. మాకదేం వింతగా అనిపించలేదు. అదీ అసలు వింత.

ఆ రోజుల్లోనే రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా గారు, ఎం.వి. ఫౌండేషన్ వాళ్ళు ఒక మాట పట్టుకున్నారు. బడిలో లేని ప్రతి పిల్లా పనిపిల్లే అని. మినహాయింపులు లేవు. ఇంటి పనా, కూలి పనా, తమ్ముణ్ణి ఆడించడమా అని లెక్కలు కట్టొద్దు, పగలు పూట బడిలో ఉందా లేదా, అదొక్కటే చూడు. ఆమెకి 2003లో మెగసెసే వచ్చింది, తర్వాత జాతీయ బాలల హక్కుల కమిషన్‌కి మొదటి అధ్యక్షురాలయింది. హోమ్‌స్కూలింగ్ పుస్తకాలు చదివినప్పుడు ఈ సూత్రం నాకు చాలా మొరటుగా అనిపించింది. ఆ సర్వే అమ్మాయి వచ్చిపోయాక అనిపించలేదు. మొరటుగా ఉండబట్టే అది పనిచేసింది. సందు ఇస్తే ప్రతి మోతుబరీ దాంట్లోంచే దూరేవాడు.

ఇంకో మెలిక ఉంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించి 14 ఏళ్ళ లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదన్నారు. కానీ సొంత కుటుంబం పనిలో సాయం చెయ్యొచ్చు, బడి అయ్యాక గానీ సెలవుల్లో గానీ. బడి అయ్యాక అనే మాట చూడండి. పిల్లకి బడే లేకపోతే "బడి అయ్యాక" ఎప్పుడవుతుంది? ఇంటిబడికి గంట కొట్టేది తల్లిదండ్రులే, సెలవిచ్చేదీ తల్లిదండ్రులే. మా ఇంట్లో అయితే ఆ టైములో పాప స్క్రాచ్‌లో బొమ్మల ఆట తయారుచేస్తుంది. పై వీధిలో తొడిమలు. బయట నుంచి చూసే అధికారికి రెండిళ్ళూ ఒకటే మాట చెప్తున్నాయి. తేడా ఎట్లా కనిపెట్టాలి? నా గోడ మీద బీటెక్ పట్టా చూసా? నా ఏసీ చూసా? నిజం చెప్పండి, మనం లోలోపల ఆశిస్తున్నది అదే కదా. మమ్మల్ని చూస్తే తెలీదా అని.

తెలీకూడదు. చట్టానికి మొహం చూసి తెలియడం మొదలైతే ఏమవుతుందో మనకి బాగానే తెలుసు.

అందుకని నేను అడిగేది ఏంటంటే, ఇంట్లో చదివించుకునేవాళ్ళు ఈ నిశ్శబ్దాన్ని చూసి సంబరపడ్డం మానేసి, మాకో రూలు రాయండి అని సర్కారుని అడగాలి. ఏడాదికోసారి మండల విద్యాశాఖకి ఒక పేజీ నోటీసు. పిల్ల ఏం చదువుతోంది, ఎవరు చెప్తున్నారు. ఏడాది చివర పొరుగు బడి టీచరు గంటసేపు పిల్లతో, మన ముందు కాకుండా, మాట్లాడాలి. అవసరమైతే పరీక్ష పెట్టుకోండి. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థలో 3, 5, 8 తరగతులకి సమానమైన మూడు స్థాయిలు ఎట్లాగూ ఉన్నాయి, ఆ సరుకు వాడుకోవచ్చు. ఫారంలో ఒక గడి పెట్టండి, "ఇంటిబడి, నోటీసు నంబరు ఇంత" అని. నోటీసు లేని ఇల్లు ఉంటే ఆ పిల్ల కోసం మనిషి వెళ్ళాల్సిందే.

ఇదేం కొత్త సంగతి కాదు. అమెరికాలో మనవాళ్ళు బోలెడుమంది, వాళ్ళనడగండి. టెక్సాస్‌లో, న్యూజెర్సీలో ఎవరికీ చెప్పనే అక్కర్లేదు. న్యూయార్క్‌లో నోటీసు, పాఠాల ప్లాను, మూడు నెలలకోసారి రిపోర్టు. పెన్సిల్వేనియాలో అఫిడవిట్, ఏడాది చివర పిల్ల చేసిన పనంతా మూల్యాంకనం. జర్మనీలో అయితే పిల్ల బడికి పోవాల్సిందే. దాని మీద ఒక కుటుంబం యూరప్ మానవహక్కుల కోర్టు దాకా పోయినా 2006లో కోర్టు జర్మనీ వైపే నిలబడింది. ఫ్రిస్కోలో ఉన్న మిత్రుడు టెక్సాస్ పద్ధతే గొప్ప అంటాడు. బాబూ, నీ పక్కింట్లో మిరపకాయల బస్తాలు లేవు.

మన చట్టంలోనూ అడిగినవాళ్ళకి దొరికింది. 2012 సవరణలో మదర్సాలకీ వేద పాఠశాలలకీ మినహాయింపు రాశారు. తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యం ఉన్న పిల్లలు ఇంటి దగ్గరే చదువుకునే హక్కు ఎంచుకోవచ్చని కూడా అదే సవరణలో రాశారు. ఇల్లు అనే మాట చట్టంలో పట్టకపోవడమేమీ లేదు. మనం అడగలేదు, అడిగితే లెక్క చెప్పాల్సి వస్తుంది కాబట్టి.

దీనికి ఒక మిత్రుడు గట్టి జవాబే చెప్పాడు. "రూలు రాయించావంటే ఆఫీసు చుట్టూ తిరగాలి, సంతకానికింత అంటారు. ఇప్పుడు హాయిగా ఉంది కదా, ఎందుకు కెలకడం?" కాదనను. మన ఆఫీసుల సంగతి నాకూ తెలుసు. కానీ ఇప్పుడున్న హాయి కూడా ఆ అధికారి దయే. రేపు ఎవరికో కోపం వస్తే 10వ సెక్షను చూపించి మనల్ని నిలబెట్టొచ్చు, మన దగ్గర చూపించడానికి కాగితం లేదు. ఇంకా గేటెడ్ కమ్యూనిటీల్లో నాలుగైదు కుటుంబాలు కలిసి ఒక ఫ్లాటు తీసుకుని, జీతానికి టీచరుని పెట్టుకుని, లెర్నింగ్ సెంటర్ అని పేరు పెట్టుకున్నవాళ్ళు 18వ సెక్షను చదవండి దయచేసి. గుర్తింపు లేకుండా బడి నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా, ఆపకపోతే రోజుకి పదివేల దాకా. మాది బడి కాదు అని ఒప్పించుకోవాల్సింది మీరే. శిక్ష లేదు బాస్ అనే బాసు అప్పుడు ఫోనెత్తడు.

మిగతా భయాలకి పెద్ద మందేం అక్కర్లేదు. రేపు బుద్ధి మారి బడిలో వేద్దామంటే 4వ సెక్షను ప్రకారం వయసుకి తగ్గ తరగతిలో చేర్చుకోవాలి. 14 నిండితే సార్వత్రిక విద్యలో పది రాసుకోవచ్చు, ఆ ఇంటరుతో జేఈఈ కూడా రాయొచ్చు. సోషలైజేషన్ గురించి అడగొద్దు, మా పాపకి ఈ వీధిలో నాకన్నా ఎక్కువమంది తెలుసు.

పోయిన నెల నేనే ఒక పేజీ రాసుకుని తీసుకెళ్ళాను. పాప పేరు, వయసు, ఏమేం చెప్తున్నాం, ఎప్పుడైనా వచ్చి చూడొచ్చు అని. అక్కడున్నాయన కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివి "ఇది యా సెక్షన్ కింద ఇస్తాండావప్పా?" అన్నాడు. సెక్షన్ లేదు సార్, ఉండాలనే ఇస్తున్నా అన్నాను. కాసేపు నా మొహం చూసి, ముట్టినట్టు స్టాంపు వేసి కాపీ ఇచ్చాడు. ఏ ఫైల్లో పెట్టాలో తేల్చుకోలేక ఒరిజినల్ టేబులు మీదే పేపరు వెయిటు కింద పెట్టాడు. పై వీధి పిల్ల సంగతి కూడా అడిగాను. "ఆ ఇంట్లో చదువుకుంటాందని రాయించినారు కదా" అన్నాడు.