మనోడేనా?

రాత్రి పదకొండు దాటాక మా పేటలో ఒక ఇంట్లో ఫోను మోగుతుంది. అమెరికాలో అప్పుడు మధ్యాహ్నం. "ఉద్యోగం వచ్చిందా నాయనా" అని తల్లి అడగదు. అడిగితే కొడుకు మాట్లాడలేడని ఆమెకు తెలుసు. "అన్నం తిన్నావా" అని మాత్రం అడుగుద్ది. తిన్నానంటాడు. తిన్నాడో లేదో ఎవరికి తెలుసు! తండ్రి తాపీ పనికి పోతాడు. తల్లి మిరపకాయ కోతలకు పోద్ది. ఉన్న ముప్పావు ఎకరం అమ్మారు. అది చాలక నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. వాడు అక్కడ కంప్యూటర్లలో ఎమ్మెస్ పూర్తిచేశాడు. మార్కులు బాగానే వచ్చాయి.

ఆ కుర్రవాడి పేరు మేము రాయడం లేదు. ఊరి పేరు కూడా రాయడం లేదు. రాయొద్దని వాడే కాళ్లావేళ్లా పడ్డాడు. "గదిలో వాళ్లకి తెలిసిపోద్దన్నా" అన్నాడు. ఏం తెలిసిపోద్ది? మాదిగవాడని తెలిసిపోద్ది. ఏడు సముద్రాలు దాటిపోయిన బిడ్డ పేరును మన సొంత పత్రికలో వేసుకోలేకపోతున్నాం. ఈ సంగతి మీద పేటల్లో మాట్లాడుకోవాల్సిన అవసరం ఉంది కాబట్టే రాస్తున్నాం.

అక్కడ ఉద్యోగం ఎలా దొరుకుతుందో మన వాళ్లలో చాలామందికి తెలీదు. మాకూ ఈ కుర్రవాడు చెప్పేదాకా తెలీదు. చదువు అయిపోయాక ఒక ఏడాది పనిచేసుకోనిస్తారు. దాన్ని ఓపీటీ అంటారు. కంప్యూటర్లు, ఇంజనీరింగు, లెక్కలు చదివిన వాళ్లకు ఇంకో రెండేళ్లు పొడిగిస్తారు. కానీ మొదటి ఏడాదిలో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. మించితే ఆ దేశంలో ఉండే హక్కే పోతుంది. పొడిగింపు దొరికిన వాళ్లకు అన్నీ కలిపి 150 రోజులు. ఆ తర్వాత హెచ్-1బి వీసా. ఏడాదికి 85,000 మాత్రమే. ఎన్నో రెట్లు దరఖాస్తులు పడతాయి కాబట్టి చీట్లు తీస్తారు. ఇప్పుడు అదీ బిగుసుకుపోతోంది. 2025 సెప్టెంబర్‌లో అమెరికా అధ్యక్షుడు కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలని ప్రకటన చేశాడు. అక్కడే చదువుకుని వీసా మార్చుకునే పిల్లలకు అది వర్తించదని తర్వాత చెప్పారు గానీ, ఆ నాలుగు వారాలు మన ఇళ్లలో ఎవరికీ నిద్రల్లేవు.

ఇంతకీ ఆ 90 రోజుల్లో ఉద్యోగం ఎలా వెతుకుతారు? కంపెనీలకు దరఖాస్తులు పంపుతారు. మనవాడు నాలుగొందల పైచిలుకు పంపాడు. జవాబు రాలేదు. అక్కడ దరఖాస్తు ఒక గుట్టలో పడుతుంది. గుట్టలోంచి పైకి రావాలంటే ఆ కంపెనీలో పనిచేసే ఎవరో ఒకరు "ఇతను నాకు తెలుసు, మంచివాడు, చూడండి" అని చెప్పాలి. దాన్నే రిఫరల్ అంటారు. అలా తెచ్చిన మనిషికి ఉద్యోగం వస్తే, తెచ్చిన వాడికి చాలా కంపెనీలు బహుమానం కూడా ఇస్తాయి. ఇందులో దాపరికం లేదు, నేరం లేదు. అదొక పద్ధతి. కాకపోతే "నాకు తెలుసు" అనే మాట ఎవరు ఎవరి గురించి అంటారు? చుట్టం గురించి అంటారు. కాలేజీలో ఒకే బల్ల మీద కూర్చున్న వాడి గురించి అంటారు. ఊరివాడి గురించి అంటారు. ఊరు అంటే మళ్లీ ఊరే. పేట కాదు.

ఈ కుర్రవాడు ఉండే గదిలో ఆరుగురు తెలుగు పిల్లలు. మొదటి రోజే అడిగారట. పూర్తి పేరేంటి? ఇంటిపేరేంటి? ఏ ఊరు? ఊళ్లో ఎక్కడ? నాన్నగారు ఏం చేస్తారు? వ్యవసాయం అయితే ఎన్ని ఎకరాలు? ఏ హీరో అభిమానివి? సినిమా హీరోని బట్టి కూడా కులం తేలుస్తారు మన తెలుగువాళ్లు! వీడు ఇంటిపేరు ముక్క చేసి ఒక అక్షరం చెప్పాడు. నాన్న కాంట్రాక్టరు అన్నాడు. తాపీమేస్త్రి కాంట్రాక్టరయ్యాడు. వారం గడిచాక ఒక సీనియర్ ఫోను చేసి గదిలో ఇంకొకణ్ణి అడగడం వీడి చెవినబడింది. "కొత్తగా వచ్చినోడు మనోడేనా?"

అంతే. తిట్టలేదు, కొట్టలేదు, గ్లాసు వేరుగా పెట్టలేదు. అదే గదిలో మిగతా ఐదుగురిలో నలుగురికి రెండు నెలల్లో రిఫరళ్లు దొరికాయి. వాట్సప్‌లో వాళ్ల గుంపులున్నాయి. ఏ కంపెనీలో ఏ ఖాళీ ఉందో, ఇంటర్వ్యూలో ఏం అడుగుతున్నారో అందులో వస్తుంది. వీణ్ణి అందులో కలపలేదు. ఎందుకు కలపలేదని ఎవరినడగాలి? ఏ చట్టం కింద అడగాలి? అట్రాసిటీ కేసు పెట్టడానికి అది చుండూరు కాదు, కారంచేడు కాదు.

1990లో మండల్ సిఫార్సులు అమలు చేస్తామన్నప్పుడు మెరిట్ మెరిట్ అంటూ రోడ్లెక్కిన వాళ్లను మేము మర్చిపోలేదు. రిజర్వేషన్ లేని చోట మా తెలివి చూపిస్తాం, అక్కడికి రండి అన్నారు. అమెరికాలో రిజర్వేషన్ లేదు. మరి అక్కడ "మనోడేనా" అనే ప్రశ్న ఎందుకు? సిఫార్సు లేకుండా ఉద్యోగం దొరికించుకున్న ఒక్కణ్ణి చూపించమనండి. ఒకరిద్దరుంటారేమో. మిగతా వాళ్ల మెరిట్‌కు ఒక బావగారు, ఒక మేనమామ తోడున్నారు. చుట్టాలు సాయం చేయడం తప్పని మేము అనడం లేదు. దాన్ని మెరిట్ అని పిలవొద్దంటున్నాం.

బాబాసాహెబ్ కూడా అమెరికాకే పోయారు. 1913లో బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. ఆ పరాయి దేశాల్లో ఉన్న ఏళ్లలో తాను అంటరానివాణ్ణన్న సంగతే మనసులోంచి చెరిగిపోయిందని తర్వాత రాసుకున్నారు. 1917లో బరోడా వచ్చి కొలువులో చేరితే తలదాచుకోవడానికి ఒక గది దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరు రాయించుకుని ఉండాల్సి వచ్చింది. కొన్నాళ్లకు కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. 'వీసా కోసం నిరీక్షణ' అని పేరున్న ఆయన రచనలో ఇదంతా ఉంది. దొరికితే చదవండి, చదవడం రాని వాళ్లకు చదివి వినిపించండి. పేరు దాచుకోవడం ఆయనకు బరోడాలో వచ్చిన అవస్థ. మన పిల్లలకు అమెరికాలోనే వచ్చింది. ఎందుకంటే 1913 నాటి న్యూయార్కులో మన ఊరు లేదు. ఇప్పుడు ఉంది. 1965లో అమెరికా వలస చట్టం మారాక డాక్టర్లు, ఇంజనీర్లు పోయారు. కాలువ కింద భూములున్న వాళ్లు, పెద్ద చదువులకు డబ్బు పెట్టగలిగిన వాళ్లు ముందు పోయారు. తొంభైల చివర కంప్యూటర్ల పనికి వేలల్లో పోయారు. మన పిల్లవాడు విమానం దిగేసరికి ఊరు అక్కడ ముందే కూర్చుని ఉంది.

ఇది ఒక్క కుర్రవాడి గోడు అనుకోవద్దు. ఈక్వాలిటీ ల్యాబ్స్ అనే సంస్థ 2018లో ఒక సర్వే ప్రకటించింది. అందులో జవాబిచ్చిన దళితుల్లో నూటికి 67 మంది పనిచేసే చోట కులం వల్ల తమకు అన్యాయం జరిగిందన్నారు. అది తమంతట తాము ముందుకొచ్చి జవాబిచ్చిన వాళ్ల లెక్కే అని కొందరు ఆక్షేపించారు. ఆక్షేపణలో కొంత నిజముంది. కానీ పేరు దాచుకుని బతికే వాళ్ల లెక్క ఇంకెలా తీస్తారో వాళ్లే చెప్పాలి. 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ సిస్కో కంపెనీ మీదా, ఇద్దరు భారతీయ అధికారుల మీదా దావా వేసింది. ఐఐటీలో రిజర్వేషన్ మీద చేరాడని తోటివాళ్లకు చెప్పి ఒక దళిత ఇంజనీరును అణిచారన్నది ఆరోపణ. కంపెనీ కాదంది. 2023లో ఆ ఇద్దరి మీద కేసును శాఖే వెనక్కి తీసుకుంది. 2020లోనే పెద్ద కంపెనీల్లో పనిచేసే 30 మంది దళిత మహిళా ఇంజనీర్లు ఒక ప్రకటన ఇచ్చారు. అందులో పేర్లు లేవు. వాళ్లకూ మన కుర్రవాడి భయమే. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అదే. అదే ఏడాది కాలిఫోర్నియా సభలు బిల్లు పాసు చేస్తే, ఉన్న చట్టాలే చాలునని గవర్నరు అక్టోబరులో తిప్పికొట్టాడు. ఆ బిల్లుకు అడ్డుపడ్డ వాళ్లలో మన దేశస్తులే ముందున్నారు. కులం లేనప్పుడు దాన్ని నిషేధిస్తే వీళ్లకు నొప్పెందుకు?

సిఫార్సు దొరకని పిల్లలు కన్సల్టెన్సీల చేతిలో పడతారు. ఇది తల్లిదండ్రులు వినాల్సిన మాట. క్లయింటు కింద మెయిన్ వెండరు, వాడి కింద సబ్ వెండరు, వాడి కింద ఈ కన్సల్టెన్సీ. ఒక్కొక్కడు కొంత కోసుకోగా మిగిలింది పిల్లవాడి చేతికి. లేని ఆరేడేళ్ల అనుభవం రాసిపెడతారు. ఇంటర్వ్యూలో నీ బదులు ఇంకొకడు మాట్లాడతాడంటారు. దొరికితే భూస్వామి కొడుకు ఇంటికొచ్చి పొలం చూసుకుంటాడు. మనవాడు ఏ పొలం చూసుకుంటాడు? అది ముందే అమ్మేశాం. ఆ అబద్ధం మన నెత్తిన పెట్టుకోవద్దు. హెచ్-1బి మీద ఉన్న మనిషిని పని లేదని జీతం ఇవ్వకుండా కూర్చోబెట్టడం ఆ దేశపు చట్టానికి విరుద్ధం. దరఖాస్తు ఫీజు ఉద్యోగి దగ్గర వసూలు చేయడమూ విరుద్ధమే. వాళ్ల కార్మిక శాఖకు ఫిర్యాదు చేయొచ్చు. ఓపీటీ మీద ఉన్న వాళ్లకు ఈ రక్షణ లేదు, అది గుర్తుంచుకోండి.

ప్రభుత్వం సంగతి కూడా ఒక మాట. తెలంగాణలో అంబేద్కర్ విదేశీ విద్యానిధి కింద దళిత విద్యార్థులకు 20 లక్షల దాకా ఇచ్చే పథకం ఉంది. పోరాడి తెచ్చుకున్నాం, మంచిదే. కానీ ఆ సాయం చదువు దగ్గర ఆగిపోతుంది. 90 రోజుల లెక్క మొదలైన రోజున పిల్లవాడి పక్కన ఎవరూ ఉండరు.

ఇక మన వాళ్ల గురించి. అక్కడ స్థిరపడ్డ దళితులు తక్కువేం లేరు. పెద్ద ఉద్యోగాల్లో ఉన్నారు. ఇంటిపేర్లు మార్చుకుని, పూజలకు పిలిస్తే పోయి కూర్చుంటూ, పేట పిల్లవాడి ఫోను వస్తే ఎత్తకుండా ఉన్నారు. వాళ్లను తిట్టడం తేలిక. బయటపడితే ఏమవుతుందో వాళ్లకు తెలుసు, మేము ఆ కుర్చీలో లేము. అయినా అడుగుతున్నాం. అన్నా, నీ పేరు చెప్పొద్దు, జెండా పట్టొద్దు. ఒక పిల్లవాడి కాగితాన్ని గుట్టలోంచి తీసి పైన పెట్టు. "ఇతను నాకు తెలుసు" అని ఒక్క మాట చెప్పు. ఇక్కడి మాల మాదిగ తగువు దయచేసి అక్కడ తెరవొద్దు.

మీరు చేసేదీ కులమే కదా అని ఒక మిత్రుడు మాతో వాదించాడు. చాలాసేపు ఆలోచించాం. వాళ్లు ఒకణ్ణి బయట ఉంచడానికి "మనోడేనా" అని అడుగుతారు. మేము బయటే మిగిలిపోయిన వాళ్ల కోసం అడుగుతున్నాం. ఈ తేడా మిత్రుడికి చాల్లేదు. మాకు చాలింది.

మండలానికి ఒకరు చొప్పున, విదేశాల్లో ఉన్న మన పిల్లల వివరాలు రాసిపెట్టే పని ఈ నెలలోనే మొదలుపెట్టండి. పేర్లు పత్రికకు పంపొద్దు, మీ దగ్గరే భద్రంగా ఉంచండి. ఎవరు ఏ పనిలో ఉన్నారో, ఎవరికి ఎన్ని రోజులు మిగిలాయో ఉంటే చాలు. ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి మా పేట కుర్రవాడికి ఇంకా 22 రోజులుంటాయి.