ఓటు లేని వయసు, లెక్కకు రాని వేదన

2020 మార్చి 24 రాత్రి దేశవ్యాప్త లాక్‌డౌన్ ప్రకటన వెలువడింది. దానికి ఆధారం 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం. ఆ చట్టం కింద ఏర్పడిన జాతీయ సంస్థే విపత్తు వేళ ప్రజల మానసిక ఆరోగ్యాన్ని కాపాడే మార్గదర్శకాలను 2009లో రూపొందించింది. తలుపులు మూయించిన చట్టం అందరికీ గుర్తుంది. ఆ తలుపుల వెనుక మిగిలిన వారి మనసుల గురించి చెప్పిన పత్రం మన రాజకీయ చర్చలో దాదాపు వినిపించనే లేదు.

జాతీయ నేర రికార్డుల బ్యూరో ప్రకారం విద్యార్థుల ఆత్మహత్యలు 2019లో 10,335; 2020లో 12,526; 2021లో 13,089. వీరందరూ కౌమారంలోని వారు కారు. ప్రతి మరణానికీ మహమ్మారే కారణమనీ చెప్పలేం. అయినా బడులు మూతబడిన ఏడాదిలోనే 21 శాతం పెరుగుదల కనిపిస్తే, దాన్ని యాదృచ్ఛికమని పక్కన పెట్టలేం.

ఆ ఏడాది విద్యార్థుల పేరిట సాగిన పెద్ద రాజకీయ వివాదం నీట్, జేఈఈ పరీక్షలది. ఆరు రాష్ట్రాల మంత్రులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. వాదనంతా పరీక్ష తేదీ చుట్టూనే తిరిగింది. పరీక్ష రాయవలసిన పిల్లల మనఃస్థితి ఎవరి ఎజెండాలోనూ ప్రధానాంశం కాలేదు.

ఇందుకు కొంత మినహాయింపు కేరళ. లాక్‌డౌన్ మొదలయ్యాక పద్దెనిమిదేళ్ల లోపు వారు 66 మంది ఆత్మహత్య చేసుకున్నారని 2020 జూలైలో ముఖ్యమంత్రి పినరయి విజయన్ స్వయంగా వెల్లడించారు. పిల్లల కోసం ‘చిరి’ అనే ఫోన్ సేవ ప్రారంభమైంది. అదే నెల కేంద్రం ‘మనోదర్పణ్’ తెచ్చింది. రెండూ అవసరమైనవే. కానీ ఇంటికంతా ఒకే గది, ఒకే ఫోన్ ఉన్నచోట, ఇంట్లోని గొడవలే బాధకు మూలమైనప్పుడు, పదిహేనేళ్ల అమ్మాయి ఎవరి చెవిన పడకుండా ఫోన్ చేయగలదు?

ఆ పిల్లకు ఇంటి బయట పలకరించే మనిషి దొరికే చోటు బడి. ముఖం వాడితే టీచర్ అడిగేది, స్నేహితురాలు గమనించేది. బడి మూసినప్పుడు పాఠాలకు ఆన్‌లైన్‌లో ప్రత్యామ్నాయం వెతికారు; ఆ పలకరింపుకు వెతకలేదు.

విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతూ మరణించిన విద్యార్థిని కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు ఒక స్పష్టమైన బాధ్యత విధించింది: 100 లేదా అంతకన్నా ఎక్కువ మంది విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సిలర్, సైకాలజిస్టు లేదా సామాజిక కార్యకర్త ఒకరైనా ఉండాలి. దీన్ని అమలు చేయడమంటే పోస్టు మంజూరు కావాలి, బడ్జెట్‌లో పద్దు ఉండాలి, రేపు మరో మహమ్మారి వస్తే ఆ ఉద్యోగిని అత్యవసర సేవల జాబితాలో చేర్చి పిల్లల ఇళ్లకు పంపాలి. రేషన్ సరుకు ఆగకూడదనుకున్న ప్రభుత్వాలకు ఇది అసాధ్యం కాదు.

పదహారేళ్ల పిల్లలకు ఓటు లేదు. వారి తల్లిదండ్రులకు ఉంది. మీ రాష్ట్రంలో ఎన్ని ప్రభుత్వ పాఠశాలలకు కౌన్సిలర్ ఉన్నారో ఈసారి మీ శాసనసభ్యుణ్ణి అడగండి.