డాక్టరు చీటీ లేని యాంటీబయాటిక్ మన ఊళ్లో వద్దు



నిరుడు వానాకాలంలో మనవడికి జలుబు చేస్తే షాపుకెళ్లి "మొన్నిచ్చిన మందే ఇవ్వు బాబూ" అని అడిగింది నేనే. జలుబు తెచ్చేది వైరస్ అనీ, యాంటీబయాటిక్ చంపేది బాక్టీరియానే అనీ ముప్పై ఏళ్లు బడిలో పిల్లల చేత వల్లె వేయించినవాణ్ని. అందుకే ఈ కరపత్రంలో మొదటి ముద్దాయిని నేనే.

జలుబు మీద పనిచేయని ఆ మందు ఊరికే పోదు. పేగుల్లో కాపురమున్న బాక్టీరియాను చంపుతుంది. పిల్లవాడికి పట్టుకునే విరేచనాలు మన కంటికి కనబడేవి. కనబడనిది మెదడు సంగతి: పేగు బాక్టీరియాకు దానితో ఉన్న సంబంధం.

2004లో జపాన్‌లోని క్యుషు విశ్వవిద్యాలయం వాళ్లు ఒంట్లో ఒక్క సూక్ష్మజీవి లేకుండా పెంచిన ఎలుకలను కాసేపు కదలకుండా బంధించి చూశారు. మామూలు ఎలుకల కంటే వాటికి ఒత్తిడి హార్మోన్లు ఎక్కువగా ఎగిశాయి. మామూలు ఎలుకల పేగుల్లోని జీవులను చిన్న వయసులో ఎక్కిస్తే ఆ తేడా కొంతవరకు సర్దుకుంది. ఎదిగాక ఎక్కిస్తే సర్దుకోలేదు. కడుపులో చల్ల కదలకుండా ఉండడం అని మనం మాటవరసకు అనేదానికి ఇంత అర్థముందా అనిపించింది నాకు.

అయితే ఎలుక ఎలుకే, మనిషి మనిషే. 2011లో ఐర్లండ్‌లోని కార్క్‌లో ఒక రకం లాక్టోబాసిల్లస్ తిన్న ఎలుకలకు బెదురు తగ్గింది. మెదడుకు వెళ్లే వేగస్ నాడిని కోసేస్తే ఆ గుణం కనబడలేదు. అదే బాక్టీరియాను తర్వాత 29 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లకిచ్చి, 2017లో ప్రకటించిన ఫలితం: ఏ తేడా లేదు. కాబట్టి దిగులు పోగొడతామని ఎవరైనా ప్రోబయాటిక్ పొడి అమ్మితే కొనకండి. మానసిక వైద్యులు రాసిన మాత్రలు మానకండి.

మనుషుల్లో తేలిన సంగతి వేరొకటుంది. లివర్ బాగా చెడిపోయినవాళ్లలో పేగు బాక్టీరియా తయారుచేసే అమ్మోనియా విరగకుండా రక్తంలో కలిసి మెదడుకెక్కుతుంది. పగలు నిద్ర, రాత్రి మెలకువ, తడబడే మాట. ఇవాళ ఏ వారమో కూడా చెప్పలేరు. అప్పుడు డాక్టర్లు వైద్యం చేసేది పేగులకు: విరేచనం సాఫీగా అయ్యేలా చేసే లాక్టులోజ్, దానికి తోడు రిఫాక్సిమిన్. రిఫాక్సిమిన్ కూడా యాంటీబయాటిక్కే! ఈ మందులతో మనకు పగ లేదు. డాక్టరు రాసిస్తే చెప్పినన్ని రోజులూ వాడాల్సిందే.

"తోడుగా ప్రోబయాటిక్ వేసుకుంటే సరిపోదా?" అని కొందరు అడుగుతున్నారు. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ 2018లో దాన్నీ పరీక్షించింది. యాంటీబయాటిక్ తర్వాత ప్రోబయాటిక్ తిన్నవాళ్లకు, ఏమీ తిననివాళ్ల కంటే, సొంత బాక్టీరియా తిరిగి కుదురుకోవడం ఆలస్యమైంది.

చట్టం కొత్తగా అక్కర్లేదు. చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితా షెడ్యూల్ హెచ్1 2014 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. సిఫిక్సిమ్ లాంటి యాంటీబయాటిక్‌లు అమ్మితే షాపువాళ్లు డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చిందీ రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. అయితే షాపాయన బాధ కూడా వినాలి: "నేనివ్వకపోతే పక్క షాపుకెళ్తారు." నిజమే. అందుకే ఊళ్లోని అన్ని షాపులూ ఒకే రోజు నుంచి చీటీ లేకుండా అమ్మడం మానేలా గ్రామసభ తీర్మానం చేయాలంటున్నాం.

ఇంకో మాట కూడా ఆ తీర్మానంలో ఉండాలి. నిజానికి ఇదే అసలు సంగతి. కూలికెళ్లి వచ్చేసరికి ఆరోగ్య ఉపకేంద్రానికి తాళం. మండలం ఆసుపత్రికి పోతే ఒక రోజు కూలి పోయినట్టే. ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గరికి జనం ఊరికే పోవడం లేదు. ఉపకేంద్రం సాయంత్రం రెండు గంటలు తెరిచి ఉంచాలని అధికారులను అడుగుదాం. అది తెరవకుండా "చీటీ తెచ్చుకోండి" అని పేదవాడికి చెప్పే హక్కు మనకు లేదు.

పిల్లలకు ఊపిరి వేగంగా ఆడుతున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగకపోయినా తీర్మానం కోసం ఆగొద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

సంతకాల కాగితం గ్రంథాలయంలో ఉంది. గ్రామసభ జరిగేలోపు వచ్చి సంతకం పెట్టండి. షాపుల వారి కోసం మొదటి నాలుగు వరుసలు ఖాళీగా ఉంచాం.

మీ పాత సైన్సు మాస్టారు