పారిస్‌కు వినపడని వెట్టి

1948 ఆగస్టు 21న నిజాం సర్కారు ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి తంతి కొట్టింది. భారతదేశం తమను బెదిరిస్తున్నదనీ, చుట్టూ దిగ్బంధం పెట్టి సరుకులు రానివ్వడం లేదనీ, దండెత్తేలా ఉందనీ ఫిర్యాదు. ఆ రాత్రే హైదరాబాద్‌లో ఉర్దూ పత్రిక 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ ఆఫీసు నుంచి ఇంటికి పోతుంటే దారికాచి దాడి చేశారు. రాసే చేతిని నరికారు. తెల్లారేసరికి ఆయన ప్రాణం పోయింది. నిజాం పక్షాన నిలిచిన సాయుధ మూక రజాకార్ల ఆగడాలను తప్పుపట్టడం, భారత్‌లో కలవడమే మేలని రాయడం ఆయన చేసిన నేరం. ఆ తంతి కొట్టిన ఆరు రోజులకు బైరాన్‌పల్లిలో రజాకార్లు, నిజాం బలగాలు కలిసి ఊరి మగవాళ్లను వరసపెట్టి కాల్చి చంపారు. ప్రపంచం ముందు చేతులు జోడించి న్యాయం అడిగిన సర్కారు ఇంట్లో చేస్తున్న పని ఇదీ.

ఆ తంతిలో అబద్ధం లేదు. దిగ్బంధం నిజమే. మందులకూ పెట్రోలుకూ కటకట నిజమే. కానీ మన హుజూర్‌నగర్ తాలూకా రైతు గోడు అందులో ఒక్క ముక్కైనా లేదు. గడీ ముందు వెట్టి, కల్లంలోనే కొలిపించుకున్న లెవీ ధాన్యం, తరాలు మారినా తీరని నాగువడ్డీ, రైతుల సంఘంలో చేరినందుకు తిన్న లాఠీదెబ్బలు, వీటికి తంతి ఆఫీసులో చోటు దొరకలేదు. పక్కనే ఉన్న మునగాల పరగణా అప్పట్లో కృష్ణా జిల్లాలోది. పొలిమేర దాటితే రాజ్యం వేరు, చట్టం వేరు. దాటినవాడి కష్టాన్ని కూడా ఎవరూ ఆ ఫిర్యాదు చర్చకు వచ్చిన పారిస్‌కు మోసుకుపోలేదు.

సెప్టెంబరు 16న పారిస్‌లో భద్రతామండలి కూర్చుంది. నిజాం తరఫున మొయిన్ నవాజ్ జంగ్, భారత్ తరఫున రామస్వామి మొదలియార్. అప్పటికే మూడు రోజుల కింద మన సైన్యం సరిహద్దులు దాటింది. మర్నాడే నిజాం లొంగిపోయాడు. హైదరాబాద్ స్వతంత్ర రాజ్యమే కాదు కాబట్టి ఈ ఫిర్యాదు చెల్లదని, ఇది మా ఆంతరంగిక వ్యవహారమని భారత్ వాదన. వాదన చట్టానికి నిలిచేదే. కాకపోతే రెండేళ్లు వెనక్కి వెళ్లి చూడాలి. 1946 డిసెంబరులో అదే ఐక్యరాజ్యసమితిలో విజయలక్ష్మీ పండిట్ లేచి, దక్షిణాఫ్రికాలోని భారతీయుల మీద వివక్షను నిలదీసింది. వాళ్లలో మన తెలుగు కూలీల బిడ్డలూ ఉన్నారు. అది మా ఆంతరంగిక వ్యవహారం, మీకేం పని అని దక్షిణాఫ్రికా తరఫున జనరల్ స్మట్స్ అడ్డం తిరిగాడు. 15 దేశాలు కాదన్నా 32 దేశాల మద్దతుతో మన తీర్మానం నెగ్గింది. అవతలివాడి ఇంట్లో తప్పు జరిగితే మానవ హక్కు, మన ఇంట్లో జరిగితే ఆంతరంగికం. ఈ రెండు మాటలూ అన్ని దేశాల దౌత్యవేత్తల జేబుల్లోనూ సిద్ధంగా ఉంటాయి. సందర్భాన్ని బట్టి ఒకటి బయటికి తీస్తారు.

'పోలీసు చర్య' అని పేరుపెట్టిన ఆ సైనిక చర్య వెంట జరిగినది ఇంకా కష్టమైన కథ. మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో ముస్లింల మీద పగ తీర్చుకున్నారు. నెహ్రూ ప్రభుత్వమే పండిట్ సుందర్‌లాల్‌ను, ఖాజీ అబ్దుల్ గఫార్‌ను పంపి విచారించమంది. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని వాళ్లు అంచనా కట్టారు. సర్కారు ఆ నివేదికను ప్రచురించలేదు. దశాబ్దాల తర్వాత గాని అది జనం కంటపడలేదు. ఈలోగా 1949 మేలో పాకిస్తాన్ ప్రతినిధి జఫ్రుల్లాఖాన్ భద్రతామండలిలో హైదరాబాద్ సంగతి ఎత్తాడు. ఆయనకు మరాఠ్వాడాలోని ఉస్మానాబాద్ వితంతువుల మీద బెంగా, కశ్మీర్ లెక్కల్లో ఇంకో ఎత్తు దొరికిందన్న సంతోషమా అంటే, రెండోదే ఎక్కువ అనడానికి సందేహం అక్కర్లేదు. అయినా ఆయనకు ఆ అవకాశం ఇచ్చింది ఎవరు? బీరువాలో నివేదికకు తాళం వేసినవాళ్లు.

ఇప్పుడు మన తెలంగాణ పల్లెల వైపు రండి. పోలీసు చర్య తర్వాత కూడా 1951 అక్టోబరు దాకా కమ్యూనిస్టుల నాయకత్వంలో రైతుల సాయుధ పోరాటం నడిచింది, అణచివేతా నడిచింది. ప్రత్యేక ట్రిబ్యునళ్లు పన్నెండు మంది తెలంగాణ రైతుబిడ్డలకు ఉరిశిక్ష వేశాయి. వాళ్లను కాపాడాలని విదేశాల్లో కూడా కమ్యూనిస్టు పార్టీలు గొంతెత్తాయి. ఇంగ్లండు నుంచి డి.ఎన్. ప్రిట్ అనే పేరుమోసిన బారిస్టరు వచ్చి సుప్రీంకోర్టులో వాదించాడు. చివరికి ఉరితాళ్లు తప్పి శిక్షలు యావజ్జీవమయ్యాయి. ఈ ప్రిట్టే 1936లో స్టాలిన్ మాస్కోలో నడిపిన బూటకపు విచారణలను సమర్థిస్తూ పుస్తకం రాశాడు. మాస్కోలో కళ్లు మూసుకున్న మనిషి కదా అని మనవాళ్లు ఆయన వకాల్తా వద్దనాలా? ఉరికంబం కింద నిలబడ్డవాడు ఆ లెక్కలు వేయడు, వేయనక్కర్లేదు కూడా.

అందుకే, హక్కుల మాట మాట్లాడేవాడి వెనుక స్వార్థం ఉంది కాబట్టి మాట అబద్ధం అనే తీర్పుకు నేను ఒప్పుకోను. స్వార్థం దాదాపు ఎప్పుడూ ఉంటుంది. 2022 అక్టోబరులో జెనీవాలోని మానవ హక్కుల మండలిలో చైనాలోని షింజియాంగ్ వీగర్ల మీద చర్చ జరపాలా వద్దా అన్న ఓటింగులోనే 19–17 తేడాతో వద్దన్నవాళ్లే నెగ్గారు. భారత్ సహా 11 దేశాలు తటస్థం. చర్చ కోరిన అమెరికాకూ చైనాకూ మధ్య పోటీ లోకానికంతా తెలిసిందే. అంతమాత్రాన అక్కడి నిర్బంధ శిబిరాల్లో ఉన్నవాడు లేకుండా పోడు.

మన అనుభవంలోనే ఇంకో మంచి పాఠం ఉంది. 1990ల మొదట్లో కశ్మీర్ పేరుతో పాకిస్తాన్ జెనీవాలో మన మీద తీర్మానానికి పావులు కదిపింది. అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు ప్రతిపక్షనేత వాజపేయిని ప్రతినిధి బృందానికి నాయకుడిగా పంపారు. 1994లో పాకిస్తాన్ తీర్మానాన్ని వెనక్కి తీసుకోక తప్పలేదు. పి.వి. చాణక్యంగా ఈ కథను అందరూ చెప్పుకుంటారు. దానికి కొన్ని నెలల ముందే, 1993 అక్టోబరులో, జాతీయ మానవ హక్కుల కమిషన్ ఏర్పాటైందన్న సంగతి ఎవరూ గుర్తు చేయరు. బయటి ఒత్తిడికి జవాబు చెప్పుకోవడం కూడా ఆ కమిషన్ పుట్టుకకు ఒక కారణం. ప్రత్యర్థి దురుద్దేశం నుంచి కూడా పేదవాడికి అర్జీ పెట్టుకునే ఒక చోటు దొరికింది.

ఆ చోటును మనం ఎలా చూసుకుంటున్నామన్నదే అసలు ప్రశ్న. తెలంగాణ రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ ఛైర్మన్ కుర్చీ 2022 చివర ఖాళీ అయితే నింపడానికి రెండేళ్లకు పైగా పట్టింది. ఆ కాలంలో లాకప్పులో దెబ్బలు తిన్నవాడో, ఇటుక బట్టీలో చిక్కుకున్న వలస కూలీయో అర్జీ రాసుకుంటే తీర్పు చెప్పేవాడు లేడు. దీనిమీద ఏ పార్టీ రోడ్డెక్కలేదు. విదేశీ సంస్థ ఏదైనా మన దేశం మీద నివేదిక ఇస్తే మాత్రం సాయంత్రానికల్లా టీవీల్లో ఆవేశం పొంగుతుంది. విదేశాంగశాఖ ఖండన ఇవ్వనీ, తప్పులేదు. ఆ ఖండనకు బలం మాత్రం మాటల నుంచి రాదు. మన కమిషన్ తలుపు తెరిచి ఉందా, మన విచారణ నివేదికలు జనానికి అందుతున్నాయా, వీటిలోంచి వస్తుంది. ఇంట్లో వినేవాడుంటే బయటివాడి ఫిర్యాదుకు బేరం తగ్గుతుంది.